నాలుగు ముక్కుల మగ్గం దీపం

నేను ఒక మగ్గం దీపాన్ని. ఇత్తడిదాన్ని. పుట్టినప్పుడు నాకు ఐదు ముక్కులు, ఇప్పుడు నాలుగు. ముక్కు అంటే ఒత్తి పెట్టే చోటు. నా పక్కన ఒక అట్ట మీద బంగారు రంగు అక్షరాలతో వేరే ఏదో రాసి పెట్టారు. అది నమ్మొద్దు. ఎందుకు నమ్మొద్దో చెప్పడానికే నోరు విప్పాను.

నాకు నాజూకుగా మాట్లాడటం రాదు. నూరేళ్లకు పైగా ఆముదం తాగి పొగ కక్కినదాన్ని. చూసింది చూసినట్టు చెబుతాను. నచ్చకపోతే లేచి వెళ్లిపోండి, నాకేం నష్టం లేదు. నేను ఎలాగూ ఇక్కడే వేలాడుతూ ఉంటాను.

నన్ను పోసినవాడు కంచరి నాగలింగం. కొత్త ఇత్తడితో పోయలేదు. సొట్టలు పడ్డ చెంబులు, మాడిపోయిన గిన్నెలు, కాడ విరిగిన గరిటె, ఎవరో పోయాక ఇంట్లోవాళ్లు అమ్మేసిన తమలపాకుల పెట్టె, అన్నీ కలిపి కరిగించి పోశాడు. అంటే నా ఒంట్లో ఎన్నో ఇళ్ల వంట ఉంది, ఎన్నో ఇళ్ల ఏడుపు ఉంది. ఇప్పుడు జనం నన్ను చూసి 'పురాతనం' అని కళ్లు పెద్దవి చేస్తుంటే నవ్వొస్తుంది. నేను పుట్టడమే తుక్కులోంచి పుట్టాను నాయనా.

నన్ను చేయించుకుంది ఊరి కరణంగారు, పూజ గదికి. తీరా పోశాక మూస కాస్త జరిగి మూడో ముక్కు కుడివైపుకు వంగింది. కరణంగారు నన్ను గిర్రున తిప్పి చూసి, దేవుడి ముందు వంకర పనికిరాదని పక్కన పెట్టేశారు. ఆయన రాసే పొలం కొలతల్లో ఎన్ని వంకరలున్నాయో ఊరందరికీ తెలుసు. వాటికి మాత్రం ఏ దేవుడూ అడ్డు చెప్పలేదు.

ఆ వారమే నాగలింగం ఇంటికి మార్కండేయులు అనే నేతగాడు వచ్చాడు. పంచెల చాపు ఒకటి ఇచ్చి నన్ను తీసుకుపోయాడు. తన గుంట మగ్గం పైన దూలానికి గొలుసుతో వేలాడగట్టాడు. గుంట మగ్గం అంటే నేలలో గొయ్యి తీసి, గట్టు మీద కూర్చుని, కాళ్లు గోతిలోకి దించి నేసే మగ్గం. తమాషా ఏమిటంటే, కరణంగారు ఈసడించిన ఆ వంకర ముక్కు వెలుగే సరిగ్గా అడ్డపోగును మోసే నాడె అటూ ఇటూ తిరిగే చోట పడేది. మిగిలిన నాలుగు ముక్కులూ ఇంటికి, ఆ ఒక్కటీ పనికి. ఒత్తులు కూడా మగ్గం మీద తెగిపోయిన తుక్కు నూలుతోనే చేసేవాళ్లు. కొత్త పడుగు ఎక్కించిన రోజు ముందు నన్ను వెలిగించి, తర్వాతే మగ్గం మీద కూర్చునేవాళ్లు.

మనుషుల తీరు వింత. పొద్దున నన్ను ముట్టుకుని కళ్లకద్దుకుంటారు. సాయంత్రం ఆ ఆముదం చేతినే నాకు తుడుస్తారు. నేను దేవుణ్ణో మసిగుడ్డనో వాళ్లకే తేల్చుకోవడం చేతకాలేదు. అయినా నాకు ఆ ఇల్లంటే ఇష్టం. ఊరి పెళ్లిళ్లన్నిటికీ చీరలు నేసి, తమ ఇంటి ఆడవాళ్లకు మాత్రం మాసికలేసిన చీరలు కట్టిన ఇల్లు అది. ఇది వాళ్ల గొప్పతనమని ఎవరైనా నా ముందు అంటే మండిపోతాను. గొప్పతనం కాదు, దోపిడీ. నూలు ఇచ్చేవాడూ షావుకారే, బట్ట తీసుకునేవాడూ షావుకారే, బట్టకు వంక పెట్టేవాడూ షావుకారే.

మార్కండేయులు పోయాడు. అతని కొడుకు, కొడుకు భార్య కనకమ్మ ఆ మగ్గం మీదికి వచ్చారు. కొన్నేళ్లకు కనకమ్మ కోడలిగా మాణిక్యమ్మ వచ్చింది. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు. పుట్టింట్లో కండెలు చుట్టడం తప్ప ఏమీ నేర్పలేదు. కనకమ్మ పక్కన కూర్చోబెట్టుకుని, మోచేతి మీద తడుతూ నేత నేర్పింది. ఆ అత్తాకోడళ్లను చూస్తుంటే నాకు ఇంకాస్త ఆముదం తాగినంత హాయిగా ఉండేది.

ఇక నా ముక్కు కథ.

పెళ్లై ఆరు నెలలైంది. మబ్బు పట్టిన మధ్యాహ్నం, కరెంటు పోయింది, నన్ను వెలిగించారు. మాణిక్యమ్మ మగ్గం మీద ఉంది. షావుకారు పిచ్చయ్య వచ్చాడు. పోగులు చూసే అద్దం జేబులోంచి తీసి బట్ట మీద పెట్టి, నేత పలచగా ఉందన్నాడు. పలచగా లేదు, నేను చూస్తూనే ఉన్నాగా. కూలిలో సగం కోస్తానన్నాడు. కనకమ్మ చేతులు కట్టుకుని బతిమాలింది. ఆయన వినకుండా కత్తెర తీసి, ఇంకా సగమే అయిన చీరను మగ్గం మీదే కోయబోయాడు.

కొత్త కోడలు లేచింది. గొలుసు కొక్కెంలోంచి నన్ను, వెలుగుతున్నదాన్ని వెలుగుతున్నట్టే ఊడదీసి, ఆయన చెయ్యి పక్కనున్న మగ్గం గుంజకేసి కొట్టింది.

ఒత్తులు ఆరిపోయాయి. ఆముదం పిచ్చయ్య తెల్లచొక్కా నిండా పడింది. నా మూడో ముక్కు, ఆ వంకర ముక్కు, ఫట్టుమని విరిగి గుంటలోకి దొర్లింది. షావుకారు వెనక్కి అడుగేసి, గుమ్మం కమ్మీకి తల కొట్టుకుని, కత్తెర అక్కడే వదిలేసి పోయాడు. ఆ కత్తెర చాలా మంచిది. ఆ ఇంట్లో ఇప్పటికీ దానితోనే నూలు కోస్తారు.

చప్పుడు విని వీధిలో ఆడవాళ్లంతా వచ్చారు. కొత్త కోడలు ఇంటి దీపం విరగ్గొట్టిందంటే ఆ రోజుల్లో ఆ మాటకు తిరుగు లేదు. అరిష్టం అంటారు, పుట్టింటికి పంపెయ్యమంటారు. మాణిక్యమ్మ ఇంకా నన్ను పట్టుకునే ఉంది. కనకమ్మ ఆమె చేతిలోంచి నన్ను లాక్కుని, వచ్చినవాళ్లకు చూపిస్తూ చెప్పింది.

"నా చేతిలోంచే జారింది. ఈ మధ్య చేతులు ఒణుకుతున్నయ్."

ఆమె చేతులు వణకడం ఏమిటి. వణికే చేతులతో రోజుకు నాలుగు గజాలు నేస్తారా ఎవరైనా? కానీ అందరూ నమ్మారు. పిచ్చయ్య కూడా నోరెత్తలేదు, పద్దెనిమిదేళ్ల పిల్లకు జడిసి పారిపోయానని ఎవరికి చెప్పుకుంటాడు? అలా ముగ్గురు మనుషులు మూడు కారణాలతో ఒక నిజాన్ని దాచారు. నాలుగోదాన్ని నేను. నన్నెవరూ అడగలేదు.

ఐదు నెలలకు కనకమ్మ భర్త దగ్గుతో పోయాడు. ఇంకేముంది, దీపం చేజార్చింది, మొగుణ్ణి పోగొట్టుకుంది అని వీధి అరుగుల మీద అనుకోవడం మొదలైంది. ఒకరోజు ఆ మాట ఇంట్లోకే వచ్చి అన్నారు. మాణిక్యమ్మ నిజం చెప్పబోయింది. కనకమ్మ ఆమె తొడ మీద గట్టిగా గిల్లింది. ఆ తర్వాత కనకమ్మ గుంటలో దిగి విరిగిన ముక్కును వెతికి తీసింది. మగ్గం వెనక అంచు పోగులు వదులు కాకుండా చిన్న బరువు వేలాడదీస్తారు, మామూలుగా రాయి కడతారు. కనకమ్మ రాయి తీసేసి నా ముక్కు కట్టింది. "పనికొచ్చేదాన్ని పారేసుకుంటామా" అంది. నా గురించి అందో, కోడలి గురించి అందో నేను ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను.

ఇదంతా జరిగి నలభై ఐదేళ్లు దాటింది. కనకమ్మ పోయింది. అరిష్టం మాట మాత్రం పోలేదు. మనుషులు మంచి మాటను వారంలో మరచిపోతారు, ఇలాంటివి మాత్రం వారసత్వంగా ఇచ్చుకుంటారు.

ఇప్పుడు మాణిక్యమ్మే అత్త. కోడలు నాంచారమ్మ. కొడుకు ఆటో నడుపుతాడు. నాంచారమ్మ నేత మాణిక్యమ్మ నేత కన్నా మేలని నా అభిప్రాయం. మాణిక్యమ్మకూ అదే అభిప్రాయం, పైకి అనదు.

కష్టం నీళ్లతో వచ్చింది. వీధిలో సిమెంటు రోడ్డు వేశారు. నాలుగేళ్లకు దాని మీదే ఇంకో రోడ్డు వేశారు, ఆ తర్వాత ఇంకోటి. రోడ్డు ఎదిగింది, ఇల్లు దిగింది. వాన పడితే వీధి నీళ్లన్నీ మగ్గం గుంటలోకే. ఏడాదిలో నాలుగు నెలలు గుంటలో నీళ్లు, దోమలు, ఆగిన మగ్గం. నాంచారమ్మ ఆఫీసుల చుట్టూ అర్జీలు పట్టుకుని తిరిగింది. రోడ్డేమో జనం కోసమే వేశామన్నారు. ఆ ఇంట్లో ఉండేవాళ్లు జనం కాదు కాబోలు.

మగ్గం ఆగిన రోజుల్లో నాంచారమ్మ రొయ్యల షెడ్డుకు పోయేది. రోజంతా ఐసు నీళ్లలో చేతులు పెట్టి రొయ్యలు ఒలవడం. వేళ్ల కొసలు పగిలి నెత్తురు కారేవి. ఆ వేళ్లతో మళ్లీ మగ్గం మీదికి వస్తే సన్నపోగు చేతికి చిక్కి తెగిపోయేది. ఇంకో వానాకాలం ఇలాగే గడిస్తే ఆ చేతులు ఇక నేతకు పనికిరావు. దారి ఒకటే. గుంట పూడ్చి, గచ్చు రెండడుగులు ఎత్తు చేసి, దాని మీద స్టాండ్ మగ్గం పెట్టుకోవాలి. అందుకు సిమెంటు, ఇసుక, కర్ర కావాలి. ఇంట్లో అమ్మడానికి మిగిలింది నేను.

పాత సామాన్లు కొనే సుధాకర్ అనే ఆయన కారులో వీధి వీధి తిరుగుతుంటే నాంచారమ్మే లోపలికి పిలిచింది. అప్పటికి నేను నూరేళ్ల మసితో, గడ్డకట్టిన ఆముదంతో నల్లగా ఉన్నాను. ఆయన నన్ను చూసి ఒక్క క్షణం ఊపిరి బిగపట్టాడు. అంతలోనే ముఖం మామూలుగా పెట్టేశాడు. కొనేవాళ్లకు ఆ విద్య వస్తుంది. ముక్కు విరిగిందే అని పెదవి విరిచి, అయినా ఒక ధర చెప్పాడు. గచ్చుకూ మగ్గానికీ సరిపోయే ధర. ఎల్లుండి వచ్చి తీసుకుపోతానన్నాడు.

మాణిక్యమ్మ అవునని అనలేదు, కాదని అనలేదు. ఆయన వెళ్లాక నాంచారమ్మ ఉండబట్టలేక అనేసింది.

"ఎందుకత్తా అంత ఆలోచన? మీ అత్త చేతిలోంచి జారినకాడి నుంచీ అరిష్టపు దీపమేగా అది. పోతే పీడాపోద్ది."

మాణిక్యమ్మ ఆ పూట అన్నం తినలేదు. నాంచారమ్మ ఏదో పైత్యం అనుకుని మజ్జిగ కలిపిచ్చింది. అదీ తాగలేదు.

మర్నాడు నాంచారమ్మ చింతపండు నానబెట్టింది, ఇటుక పొడి దంచింది. తమ ఇంట్లోంచి బయటికి పోయే వస్తువు మాసి పోకూడదని ఆమె లెక్క. షావుకారుకిచ్చే చీరను మడతలు దిద్ది, పోగులు కత్తిరించి ఇచ్చే చేతులవి, దీపాన్ని మసితో ఎలా ఇస్తాయి? పొద్దున కూర్చుని మధ్యాహ్నం దాకా తోమింది. మాణిక్యమ్మ కూడా వచ్చి పక్కన కూర్చుంది. గొలుసు కడియాల సందుల్లో పుల్లతో గీకింది. పగుళ్ల వేళ్లకు చింతపండు పులుసు తగిలి నాంచారమ్మ ఇస్సు ఇస్సు అంటుంటే, మాణిక్యమ్మ నన్ను లాక్కుని మిగిలింది తనే తోమింది. నాకు తోమించుకోవడం ఇష్టం లేదు. కానీ ఆ రోజు ఊరుకున్నాను. రెండు జతల చేతులు ఒకేసారి నన్ను అలా పట్టుకోవడం అదే మొదలు. సాయంత్రానికి నేను పెళ్లిచూపులకు కూర్చోబెట్టిన పిల్లలా తళతళలాడాను.

అన్న రోజుకు సుధాకర్ వచ్చి నన్ను చూశాడు. అరుగు మీద కూలబడ్డాడు.

"ఎంత పని చేశారమ్మా. ఆ నలుపే కదా దీని వయసు. ఆ నలుపు కోసమే కదా నేను వచ్చింది. ఇప్పుడిది నిన్న కొన్న దీపంలా ఉంది."

ధర సగానికి దించాడు. నాంచారమ్మ చేతిలో తుడిచే గుడ్డ అలాగే ఉండిపోయింది. మురికికి డబ్బిచ్చి, శుభ్రానికి కోత పెట్టే లోకం ఒకటుందని ఆమెకు ఎవరు చెప్పారు గనక? మాణిక్యమ్మ మాత్రం తగ్గలేదు.

"మసి కావాలంటే చెప్పు అబ్బాయా, పొయ్యికాడ బోలెడుంది, పూసిస్తాం."

ఆయన నవ్వలేక నవ్వాడు. నన్ను తిప్పి తిప్పి చూసి, ఆ విరిగిన ముక్కు ఉందా అని అడిగాడు. ముక్కు ఉంటే, విరిగినదాన్నే మళ్లీ అతికిస్తే, ముందు చెప్పిన ధరే ఇస్తానన్నాడు.

నాంచారమ్మ ముఖం వెలిగింది. రోజూ కూర్చునే మగ్గానికి వెనక వేలాడే బరువు ఆమెకు తెలియదా? నోరు తెరవబోయింది. మాణిక్యమ్మ ఆమె తొడ మీద గిల్లింది. గట్టిగా. ఆ గిల్లుడు నాకు తెలుసు.

"ముక్కు లేదు. ఎప్పుడో పోయింది" అని ఆయనకు చెప్పి, కాసేపు అరుగు మీద కూర్చోమని, కోడలి చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చింది. నన్ను కూడా చంకలో పెట్టుకునే వచ్చింది. అందుకే తర్వాతి మాటలు నేను విన్నాను.

నాంచారమ్మకు కోపంతో కళ్లనీళ్లు తిరిగాయి. ముక్కు ఉంటే ఇల్లు నిలబడుతుందని, ఎందుకు అబద్ధమాడావని నిలదీసింది. మాణిక్యమ్మ మగ్గం గట్టు మీద కూర్చుంది. గుంటలో చీలమండ లోతు నీళ్లున్నాయి.

"దీపం ఇరగ్గొట్టింది మా అత్త కాదే. నేను."

నాంచారమ్మ నిలబడినదల్లా కూర్చుంది. మాణిక్యమ్మ మొత్తం చెప్పింది. పిచ్చయ్య, అద్దం, కత్తెర, ఆముదం, అత్త చెప్పిన అబద్ధం, అత్త నెత్తిన పడ్డ నింద, ఆ గిల్లుడు. నలభై ఐదేళ్లలో మొదటిసారి. చెబుతూ చెబుతూ మధ్యలో ఒకసారి ముసిముసిగా నవ్వింది.

"అసలు ఆయన నెత్తిన పడాల్సింది. గుంజ అడ్డమొచ్చింది."

నాంచారమ్మ లేచి మగ్గం వెనక్కి వెళ్లి, వేలాడుతున్న నా ముక్కును అరచేతిలో పెట్టుకుని చూసింది. ఏడెనిమిదేళ్లుగా రోజూ చూస్తున్నదే, ఇప్పుడే చూస్తున్నట్టు చూసింది.

"అయితే అమ్మొద్దత్తా" అంది. "నే షెడ్డుకి పోతాలే. ఇంకో యేడాదికి ఏమైద్ది?"

"నీ చేతి ఏళ్లు పోతయ్" అంది మాణిక్యమ్మ. "నన్ను మగ్గం మీద నుంచి దించకుండా ఉంచడానికి ఆ మనిషి సచ్చేదాకా నింద మోసింది. ఇయ్యాల నిన్ను మగ్గం మీద నుంచి దించి, ఈ ఇత్తడి దాచుకుని పూజ చేస్తే, ఆమె ఊరుకుంటదా? దీపం పోనీ. ముక్కు మాత్రం ఇయ్యను. అది పనిలో ఉంది."

ఇదీ ఆ ఇంట్లో జరిగిన తీర్మానం. ఓట్లు లేవు, తలకాయలూపడం లేదు. పొద్దుటిదాకా అమ్మేద్దామన్న మనిషి వద్దంది, నోరు విప్పని మనిషి అమ్మింది. ముక్కు విరగకముందు ఎన్నో సభలకు ఆ ఇంట్లోంచి నన్ను అరువు తీసుకుపోయారు. ఇంత సూటిగా ముగిసిన సభ ఒక్కటీ చూడలేదు నేను.

మాణిక్యమ్మ బయటికి వచ్చి బేరం ఆడింది. సగానికీ మొత్తానికీ మధ్యలో తెగింది. సిమెంటుకూ కర్రకూ చాలు, మట్టి తామే మోసుకుంటామంది. కారు ఎక్కించే ముందు సుధాకర్ తెలివిగా అడిగాడు, దీన్ని కొనేవాళ్లు ఎక్కడిదని అడిగితే ఏం చెప్పమంటారని.

"మగ్గం దీపమని చెప్పు. నిజమే చెప్పు, నీకేం భారం."

ఆయన తలూపాడు. నాంచారమ్మ నన్ను పాత చీర ముక్కలో చుట్టింది. చుట్టేటప్పుడు ఆ విరిగిన చోట బొటనవేలు పెట్టి ఒక్కసారి నొక్కింది. ఆ వేలి పగులు గరుగ్గా తగిలింది నాకు.

సుధాకర్ నిజం చెప్పలేదని మీరు ఊహించే ఉంటారు. నేనిప్పుడు పట్నంలో ఒక పెద్ద హోటల్లో, లోపలికి రాగానే ఎదురయ్యే చోట వేలాడుతున్నాను. 'జమీందారీ కోట దీపం' అని అట్ట మీద రాశారు. విరిగిన ముక్కుకు ఏదో యుద్ధం కథ కూడా అల్లారు. చింతపండుతో పోయిన నలుపు చాలక ఏదో మందు పూసి మళ్లీ నల్లగా చేశారు. నాలో ఆముదం లేదు, చిన్న బల్బు పెట్టారు, పగలూ రాత్రీ ఆరదు. జనం నా పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. వాళ్లలో ఒక్కడికీ నా వెలుతురులో చేసుకునే పని లేదు.

కిందటి నెల ఈ హోటల్లోనే చేనేత చీరల ప్రదర్శన పెట్టారు. మూటలు మోసుకుంటూ కొందరు ఆడవాళ్లు వచ్చారు. వాళ్లలో ఒకామె నా ముందు ఆగిపోయింది. అట్ట మీది అక్షరాలు కూడబలుక్కుని చదివి, పకపకా నవ్వింది. మూట కింద పెట్టి, చెయ్యెత్తి, విరిగిన చోట బొటనవేలు పెట్టింది.

కౌంటర్ దగ్గరి అమ్మాయి గబగబా వచ్చి, అది చాలా పాతది, ముట్టుకోకూడదని చెప్పింది.

"తెలుసమ్మా" అంది నాంచారమ్మ. "దీని ముక్కు మా మగ్గానికి ఉంది. ఈ చీర అంచు అదే పట్టుకుంది, సూడు."

మూట విప్పి ఒక చీర కొంగు తీసి చూపించింది. ఆ అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. నాకు అంచు కనిపించింది. వంకర లేదు, వదులు లేదు. ఆమె వేలు మళ్లీ నా మీదికి వచ్చింది. ఈసారి పగులు ఒక్కటీ తగల్లేదు.